నిలిచిన తర్వాతి కొలత

మా చిన్న చెల్లెలు పోయిందని నాకు ఫోన్ చేసి చెప్పింది ఆమె పనిచేసే ల్యాబ్‌లో స్టోర్ చూసే భాయ్. మధ్యాహ్నం పన్నెండున్నర అయింది. నైవేద్యం పెట్టి దేవుడి గది తలుపు అప్పుడే దగ్గరగా వేశాను. "అక్కా, జర కూసోర్రి," అన్నాడు ముందు. నేను కూర్చోలేదు. "మేడమ్ కౌంటర్ కాడ పడిపోయిన్రు. పక్క దవాఖానకు తీస్కపోయినం. గుండె అన్నరు. లేరక్కా." ఫోన్‌లో పంజాగుట్ట రోడ్డు చప్పుడు వినిపించింది. బస్సు హారన్లు, ఎవరో ఆటోవాణ్ణి పిలవడం.

రెండు నెలలు దాటింది. ఆమె గురించి నాలుగు మాటలు రాసిమ్మని ఈ పత్రిక వాళ్ళు అడిగారు. ఇలాంటివి చల్లగా రాయాలంటారు. నాలుగుసార్లు చల్లగా రాసి చించేశాను. ఐదోసారి రాస్తున్నది ఇది. చదివే మీకు ముందే చెప్పడం మంచిది, నాకు కోపంగా ఉంది. యాభై ఆరేళ్ళలో నాకు కోపం వచ్చిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఈ రెండు నెలలుగా మాత్రం దీపం ముట్టించేటప్పుడూ ఉంది, కొండెక్కేటప్పుడూ ఉంది.

మేం ముగ్గురం. నేను పెద్దదాన్ని, మధ్యలో తమ్ముడు, ఆఖరున ఆమె. నాకూ ఆమెకూ పన్నెండేళ్ళ తేడా. అమ్మ తొందరగా పోవడంతో ఆమెకు పదో తరగతి దాకా జడ వేసింది నేనే. పెళ్ళి చేసుకోలేదు. బల్కంపేటలో మా ఇంటి మీద గదిలో ఉండేది. పంజాగుట్టలో ఒక ప్రైవేటు పరీక్షల ల్యాబ్‌లో పదిహేడేళ్ళు చేసింది. పొద్దున్నే నా చేతి టీ తాగి, అమీర్‌పేట మీదుగా నడిచే వెళ్ళేది.

ఆమె పని చిక్కదనం కొలవడం. పుస్తకాల్లో స్నిగ్ధత అంటారట. నూనెలు, రంగులు, పిల్లల దగ్గు మందులు, ఏవి వచ్చినా ఒక గాజు గ్లాసులో పోసి, పైనుంచి ఒక కడ్డీ దించి తిప్పేవాళ్ళు. కడ్డీ తిరగడానికి ద్రవం ఎంత అడ్డుపడుతుందో మిషన్ అంకెలో చూపిస్తుంది. ఇంతే పని. ఇంతేనా అని మా తమ్ముడు ఒకసారి నవ్వితే, "గంతేరా అన్నా. అడ్డువడేటోళ్ళను కొలిచే పని. గందుకే నాకు మంచిగొస్తది," అంది.

ఇంట్లో కూడా ఊరుకునేది కాదు. తేనె సీసా వంచి ధార ఎక్కడ తెగుతుందో చూసేది. ఆముదం చుక్క వేలి మీద జారనిచ్చేది. ఎండాకాలం నేను అంబలి కాచి పెడితే, గరిటె పెట్టి ముందు మెల్లగా తిప్పేది, తర్వాత జోరుగా తిప్పేది.

"సూడక్కా. జోరుగ తిప్పితే పల్చగైతది. ఇడిసిపెడ్తే మల్ల గట్టివడ్తది. రెండిట్ల ఏది అసలు అంబలి?"

"కడుపులకు పోయేది అసలు. తాగి పో," అన్నాను.

చివరి మూడేళ్ళూ ఆమె చేతికి వచ్చిన పని వేరు. ఒక కంపెనీ జనరేటర్లలో పోసే కూలెంట్ తయారుచేసింది. ఇంజను వేడిని లాక్కుపోయే ద్రవం అన్నమాట. అందులో రాగి పొడి కలిపారు. రాగి అనగానే నేను మురిసి, "మంచిదే గదా, నేను సుత రోజూ రాగి చెంబుల నీళ్ళే తాగుత," అన్నాను. ఆమె నెత్తి కొట్టుకుంది. "అక్కా, నీ చెంబుల రాగి వేరే. గిది ఎంత సన్నగుంటదో ఎరికేనా? వెంట్రుకను నిలువుగ వెయ్యి పాయలు చీలిస్తే, ఒక్క పాయ మందం ఎంతుంటదో గంత." రాగి వేడిని బాగా పట్టుకుంటుంది కాబట్టి ద్రవం కూడా బాగా పట్టుకుంటుందని వాళ్ళ ఆశ. అది నిజమే అనేది మా చెల్లెలు. కానీ రాగి ఊరికే రాదు. పొడి ఎంత కలిపితే ద్రవం అంత చిక్కబడుతుంది. పొడి ఎంత సన్నగా ఉంటే అంత ఎక్కువ చిక్కబడుతుంది. అన్నిటికంటే చిక్కు ఏమిటంటే, ఆ రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.

నాకు అర్థం కాలేదంటే కిటికీలోంచి సందు చూపించింది. "బోనాల నాడు మన సందుల జనం చూస్తవు గదా. ఒక్కొక్కరు ఇడి ఇడిగ నడుస్తే స్కూటర్ సుత పోతది. అదే జనం చేతులు చేతులు పట్టుకొని గుంపులు గట్టి నడుస్తే? మనుషులు పెరగలే అక్కా. గంతే మంది. సందు మాత్రం బంద్." రేణువుల గుంపుల మధ్య ద్రవం కూడా ఇరుక్కుపోయి కదలదట. అందుకే లెక్క ప్రకారం రావాల్సిన దానికంటే ఎక్కువ చిక్కగా వస్తుందట. ఇవన్నీ నాకు ఇంత గుర్తుంటాయని అప్పుడు అనుకోలేదు.

కలిపిన వెంటనే శబ్దపు అదురుతో కుదిపే ఒక తొట్టెలో పెడితే గుంపులు విడిపోతాయి. అప్పుడు కొలిస్తే ద్రవం పల్చగా, బుద్ధిగా ఉంటుంది. వేడి చేసి, కడ్డీని జోరుగా తిప్పి కొలిస్తే ఇంకా బుద్ధిగా ఉంటుంది. ల్యాబ్‌లో అందరూ అలాగే కొలిచేవాళ్ళు. మా చెల్లెలు అలా కూడా కొలిచేది. తర్వాత అదే ద్రవాన్ని మూడు రోజులు ముట్టకుండా వదిలేసి, చల్లగా ఉన్నప్పుడు, కడ్డీని అతి నెమ్మదిగా తిప్పి మళ్ళీ కొలిచేది. "ఉరుకుతున్నోన్ని ఆపి అడుగుతే బాగున్న అంటడు. కూసొని లేవనియ్యి, అప్పుడు అడుగు. మోకాళ్ళ సంగతి చెప్తడు," అనేది.

దానికి ఆమెకు ఒక పద్ధతి ఉండేది. నిలవబెట్టిన ద్రవాన్ని ఇంకో గ్లాసులోకి ఒంపితే కదిలిపోతుంది, గుంపులు చెదురుతాయి, మూడు రోజులు వృథా. అందుకని కొలిచే గ్లాసులోనే పోసి, పైన పల్చటి కవరు బిగించి, ఆ గ్లాసునే వదిలేసేది. మూడో రోజు కవరు తీసి కడ్డీ దించడమే. దీంతో ల్యాబ్‌లో గ్లాసులన్నీ ఎప్పుడూ ఆమె దగ్గరే ఇరుక్కునేవి. మిగతావాళ్ళు సణిగేవాళ్ళు. గ్లాసుల మీద ఇంగ్లీషులో కదపవద్దని రాసిపెడితే ఎవరూ పట్టించుకోలేదట. తెలుగులో పెద్ద అక్షరాలతో "కదిలియ్యకుర్రి. మీ ఇంటి దోసె పిండి అనుకోర్రి" అని రాసింది. అప్పటినుంచి పనిచేసింది. మా ఇంటి ఫ్రిజ్‌లో నిజం దోసె పిండి మీద కూడా తేదీ, టైము రాసి అంటించేది. ఒకసారి మా ఇంటికి వచ్చిన చుట్టాలావిడ ఆ చీటీ చదివి, పిండిని ముట్టుకోవడానికి భయపడి ఉప్మా చేసింది.

నవ్వు వచ్చే సంగతులు ఇంకా చాలా ఉన్నాయి. ఈసారికి ఇవి చాలు.

కోపం సంగతికి వస్తాను.

అమీర్‌పేటలో ఉండేవాళ్ళకు జనరేటర్ అంటే చెప్పనక్కర లేదు. హాస్టళ్ళ సందుల్లో, కోచింగ్ సెంటర్ల మెట్ల పక్కన, ఆసుపత్రుల వెనక ఒక్కొక్కటి నిలబడి ఉంటుంది. వాటి పక్కనుంచి నడుస్తూ మా చెల్లెలు ఒకరోజు ఆగింది. నేను కూరగాయల సంచి పట్టుకుని ఉన్నాను. "దీని పనేందక్కా?" అంది. "కరెంటిచ్చుడు," అన్నాను. "కాదు. దీని పని నిలవడుడు. నెలకోసారో రెండుసార్లో లేస్తది. లేసిననాడు మాత్రం గప్పుడే లేవాలె. దీంట్ల పోసే కూలెంట్ నిలవడ్డంక ఎట్లుంటదో చూడకుండ, ఉరికిచ్చి కొలిచి మంచిగుంది అంటున్నరు. చల్లగ గడ్డ కట్టినదాన్ని పంపు ఎట్ల లాగుతది? లాగకపోతే ఇంజన్ కాలుతది. ఆసుపత్రి ఎనక గదే అయితే?" సంచి బరువుగా ఉంది. పద పద అన్నాను. ఆ సంచిలో ఏమున్నాయో కూడా గుర్తుంది. రెండు సొరకాయలు. వాటికోసం మా చెల్లెల్ని తొందరపెట్టాను.

ల్యాబ్ డైరెక్టర్ గారికి ఆమె మూడో రోజు కొలతలు పట్టుకెళ్ళి చూపింది. తాజా కొలతకు రెండింతల పైన ఉన్నాయి. ఆ కూలెంట్ మీద పరిశోధన పేపర్ రాస్తున్నారు అప్పుడు. ఆ పేపర్ చూపించే కంపెనీ కూలెంట్ అమ్ముకుంటుంది. మూడో రోజు కొలతల వరుస పేపర్‌లో వద్దన్నారు ఆయన. అడిగిన పరీక్ష చేస్తే చాలు, అడగనిది ఎందుకన్నారు. ఆమె ఒప్పుకోలేదు. వారం తిరక్కుండా ఆమెను మిషన్ దగ్గరనుంచి తీసి, కింద శాంపిళ్ళు తీసుకునే కౌంటర్‌లో కూర్చోబెట్టారు. పదిహేడేళ్ళు కొలిచిన మనిషి సీసాల మీద నంబర్లు అంటించింది.

కౌంటర్‌కు మార్చిన రోజు సాయంత్రం అన్నం తింటూ నాకు చెప్పింది. నేనేమన్నానో అలాగే రాస్తాను. "పోనీ తియ్యే. పెద్దాయనతోని పెట్టుకొని ఏం చేస్తవు? సర్దుకపో. పేపరేగదా, రాసుకోనియ్యి."

ఆమె ముద్ద కలపడం ఆపింది. "నువ్వు సుత గదే అంటవా అక్కా," అంది. కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అంది. నేను చారు పోశాను. ఆమె తినేసి, కంచం కడిగి, మేడ మీదికి పోయింది. మళ్ళీ ఆ సంగతి నా దగ్గర ఎత్తలేదు. మెట్లెక్కేటప్పుడు ఆయాసం వస్తోందని కూడా చెప్పలేదు. అది ఆసుపత్రి వాళ్ళు చెబితే తెలిసింది, చాలాకాలంగా ఉండి ఉంటుందని. దానికి ఆమె మీద కూడా కోపంగా ఉంది. మిషన్ కింద పెట్టిన ప్రతిదాన్నీ మూడు రోజులు ఆగి చూసిన మనిషి, తన గుండెను ఒక్క పూట ఆగి చూపించుకోలేదు.

దినాలకు డైరెక్టర్ గారు వచ్చారు. తెల్లచొక్కా, చేతిలో బ్రౌన్ కాగితం చుట్టిన పెద్ద ఫ్రేము. విప్పి చూపించారు. అచ్చయిన పేపర్ మొదటి పేజీ. మా చెల్లెలి పేరు అందరికంటే ముందు ఉంది. కింద ఆమె స్మృతికి అంకితమని ఒక లైను. "ఆవిడ చివరి పనండీ ఇది. పేరు ముందు పెట్టాం. చాలా సర్దుకుపోయే మనిషి. ఒక్కరోజు కూడా మా మాట కాదనలేదు," అన్నారు. మా తమ్ముడు కళ్ళు తుడుచుకుని, ఆ ఫ్రేమును ఆమె ఫోటో పక్కనే నిలబెట్టాడు. నలుగురూ చూసి, చదువుకున్న పిల్ల, ఎంత పేరు తెచ్చిందో అన్నారు.

మా ఇళ్ళల్లో కొత్త పుస్తకం వచ్చినా, కొత్త మిషన్ వచ్చినా బొట్టు పెడతాం. నేను లేచి ఆ ఫ్రేముకు పసుపు రాసి కుంకుమ పెట్టాను. పువ్వు పెట్టాను. ఆమె పేరు మీద వేలు ఆనించి కళ్ళకద్దుకున్నాను. అందులో గీతలు ఏం చెబుతున్నాయో నాకు తెలియదు. అడగాలనీ తోచలేదు.

అందరూ భోజనాలు చేసి వెళ్ళాక స్టోర్ భాయ్ మిగిలాడు. ఫ్రేము ముందు నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు.

"ఏంది భాయ్?" అన్నాను.

"అక్కా, తప్పు పట్టకుర్రి. దీనికి బొట్టు మీరే పెట్టిన్రా?"

"నేనే."

"మేడమ్ దీంట్ల పేరు వద్దన్నరు. నేను ఆడనే ఉన్న. పెద్దసారు సరే అన్నడు. నా చెవులతోని విన్న." చేతిసంచిలోంచి ఒక పొడుగు నోటుబుక్కు తీసి ఇచ్చాడు. "కౌంటర్ల మేడమ్ సొరుగుల ఉండె. ఖాళీ చెయ్యమన్నరు. నాకు మనసొప్పలే. మీ ఇంట్ల ఉండాలె ఇది."

నోటుబుక్కు మర్నాడు పొద్దున పూజ అయ్యాక తెరిచాను. అంకెల మధ్య ఆమె తెలుగు రాత. చివరి పేజీల్లో ఒకచోట ఇలా ఉంది: "మూడో రోజు. కదిలించలేదు. అతి నెమ్మది. తాజా కొలతకు రెండింతల పైన. సార్‌కు చూపాను, వద్దన్నారు. ఈ వరుస లేకుండా అచ్చువేస్తే నా పేరు వేయొద్దని చెప్పాను. సరేనన్నారు." దాని కింద ఇంకో లైను ఉంది. "అక్క కూడా సర్దుకోమంది."

ఈ లైను రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. రాశాను. ఇతరుల తప్పు రాసి నాది దాచుకుంటే, వరుస తీసేసి అచ్చువేసినవాళ్ళకూ నాకూ తేడా ఉండదు.

అప్పుడు వచ్చింది కోపం. జపం చేస్తుంటే ఒక్కో పూసకూ ఆయన మాటే వినిపించింది, సర్దుకుపోయే మనిషి, సర్దుకుపోయే మనిషి. బతికున్నప్పుడు కాదన్న మనిషిని, పోయాక అవునన్నట్టు నిలబెట్టారు. ఫ్రేము కూడా కట్టించారు. నా చేత బొట్టు కూడా పెట్టించుకున్నారు. తిట్టిపోస్తే మనిషి ఎదురు చెప్పవచ్చు. మెచ్చుకుంటే ఏం చెప్పాలి, అదీ ఫోటోలోంచి?

తమ్ముడికి చెప్పాను. వాడు మంచివాడే. కానీ వాడు కూడా నా పెంపకమే. "సచ్చిపోయినంక గీ లొల్లి ఎందుకక్కా? పేరు ఫస్ట్‌ల పెట్టిన్రు. గది చాలదా?"

"చెల్లె వద్దన్నదిరా."

"కోపంల అన్నదేమో."

"రాసిపెట్టింది. చదువు."

చదివాడు. ఆఖరి లైను దగ్గర నా ముఖం చూశాడు. "ల్యాబ్‌కు నేనొస్త నీతోని," అన్నాడు. వద్దన్నాను. సర్దుకోమన్నది నేను, వెళ్ళాల్సింది కూడా నేనే.

ఏమైందో ముందే చెప్పేస్తాను, మీరు దాని కోసం ఎదురుచూడకుండా. ఆ పేపర్‌లోంచి ఆమె పేరు తీసేశారు. తమ్ముడు ఇంగ్లీషులో ఉత్తరం రాసి, నోటుబుక్కు పేజీ ఫోటో పెట్టి అచ్చువేసినవాళ్ళకు పంపాడు. అక్కణ్ణుంచి ల్యాబ్‌ను అడిగాక తీశారు. మూడో రోజు వరుస మాత్రం ఈనాటికీ పెట్టలేదు. కూలెంట్ అమ్ముడుపోతూనే ఉంది. మీ ఇంటి కింద, మీ పిల్లలుండే హాస్టల్ పక్కన జనరేటర్ ఉంటే, అందులో పోసేది నిలిచాక ఎలా ఉంటుందో కొలిచారా అని ఒకసారి అడగండి. అడగడానికి ఇంగ్లీషు రానక్కర లేదు.

ఇక నేను ల్యాబ్‌కు వెళ్ళిన రోజు సంగతి.

పొద్దున పది దాటాక వెళ్ళాను. పంజాగుట్టలో ఆ మెట్లు నేను ఎక్కడం అదే మొదటిసారి. పదిహేడేళ్ళు ఆమె ఎక్కింది, ఒక్కరోజూ వచ్చి చూడలేదు. డైరెక్టర్ గారు లేచి నిలబడ్డారు.

"రండమ్మా, రండి. కూర్చోండి. టీ తీసుకుంటారా?"

"వద్దు సార్. మా చెల్లె పేరు తియ్యుర్రి."

"ఏంటమ్మా?"

"పేపర్ల పేరు. తియ్యుర్రి. లేకుంటే ఆమె కొలిచిన వరుస పెట్టుర్రి. రెండిట్ల ఒకటి."

ఆయన నవ్వలేదు, కసరలేదు. ఓపిగ్గానే మాట్లాడారు. "గౌరవం కోసం పెట్టామండీ. అయినా పేరు తీయమని రాసినవాళ్ళే అడగాలి. ఇంట్లోవాళ్ళు అడిగితే కుదరదు."

నోటుబుక్కు తెరిచి ఆ పేజీ ఆయన ముందు పెట్టాను. "రాసినామెనే అడిగింది. మీరు సరే అన్నరట."

చదివారు. కళ్ళద్దాలు తీసి తుడిచారు. "ఆవిడ అప్పుడు కాస్త కోపంలో ఉన్నారమ్మా."

"మా ఇంట్ల కోపం ఆమెకు రాలే సార్. నాకొచ్చింది."

నేను గొంతు పెంచలేదు. పెంచడం రాదు నాకు. చేతులు మాత్రం కొంగులో బిగించి పట్టుకున్నాను. ఆయన మళ్ళీ మొదలుపెట్టారు. "మీకు తెలియదమ్మా. అన్ని రోజులు వదిలేస్తే పొడి అడుక్కి దిగిపోతుంది. అప్పుడు కొలిచేది అసలు కొలతే కాదు."

"జనరేటర్ల దిగదా సార్?"

ఆయన నోటుబుక్కు మూసి నా వైపు జరిపారు.

తలుపు దగ్గర స్టోర్ భాయ్ నిలబడి ఉన్నాడని అప్పుడు గమనించాను. "సార్, మేడమ్ కౌంటర్‌కు పోకముందు పెట్టిన గిలాస ఒకటి ఉన్నది స్టోర్ల. చివరిది. కడిగెయ్యమన్నరు, నేను కడగలే. అక్క చూస్తానంటే చూపిస్త."

"ఇన్ని నెలలైంది. దేనికి పనికొస్తుంది?" అన్నారు ఆయన. పొమ్మని మాత్రం అనలేదు.

స్టోర్ అంటే ఇరుకు గది. అరల నిండా డబ్బాలు. మూలన రాతి బల్ల మీద ఒకే ఒక్క గ్లాసు ఉంది, పైన కవరు బిగించి. పైన వేలెడంత తేట, కింద నల్లెరుపు. నేను చెయ్యి చాచబోతే భాయ్ అడ్డుపడ్డాడు. "ముట్టకుర్రి అక్కా. కదిలితే ఖరాబ్. మేడమ్ నన్ను దయ్యమై పడ్తరు."

"మరి మిషన్ కాడికి ఎట్ల తీస్కపోతవు?"

"గిలాసను ఎందుకు తీస్కపోవుడు? మిషన్నే గిలాస కాడికి తెస్త."

తెచ్చాడు. అరవైకి దగ్గరపడిన మనిషి, ఆ బరువైన మిషన్‌ను పొట్టకు ఆనించుకుని, ఒక్కో అడుగే వేస్తూ, గడప దగ్గర ఆగి ఊపిరి తీసుకుని, రాతి బల్ల మీద గ్లాసుకు జానెడు దూరంలో దించాడు. వైరు అందకపోతే ఇంకో వైరు కలిపాడు. కవరు అంచును గోటితో మెల్లగా లేపాడు. కడ్డీని గ్లాసు మీదికి తెచ్చి దించాడు. తేట దాటింది. నల్లెరుపులోకి దిగింది. ఒక్క అల కూడా లేవలేదు.

"మేడమ్ అన్నిట్ల కంటె తక్కువ స్పీడ్ పెట్టేటోళ్ళు," అని మీట నొక్కాడు.

కడ్డీ తిరుగుతోందో లేదో ముందు తెలియలేదు. తర్వాత దాని మీద గీటు ఒకటి నావైపు నుంచి గోడవైపు జరగడం కనిపించింది. అంకె ఎక్కింది. ఆగినట్టు ఆగి మళ్ళీ ఎక్కింది. డైరెక్టర్ గారు వచ్చి గడప అవతల నిలబడ్డారు. ఆయనకు అంకె కనిపిస్తోంది. నాకు ఆ అంకెల లెక్క తెలియదు, ఎక్కేకొద్దీ అడ్డు ఎక్కువని మాత్రం ఆమె చెప్పగా తెలుసు. భాయ్ వేలు మీట మీదే ఉంది. మేం ముగ్గురం నిలబడే ఉన్నాం. చాలనీ, ఆపమనీ ఎవరమూ అనలేదు.